తాలింపు లేని శేరువ

మా ఇంట్లో కోడి శేరువకు తాలింపు పెట్టను. శేరువ అంటే మా చిత్తూరు వైపు నీళ్లగా, ఘాటుగా కాచే కోడిపులుసు. రాగి సంగటి ముద్ద అందులో ముంచుకుని తినొచ్చు, ఊరికే గ్లాసులో పోసుకుని తాగనూ వచ్చు. ఇప్పుడు మేముండే మదనపల్లెలో చలికాలం పొద్దున తొమ్మిదైనా దుప్పటి వదలబుద్ధి కాదు. అలాంటి రోజుల్లో ఇంటికి వచ్చిన చుట్టాలు గిన్నెలోకి తొంగిచూసి, "ఏమ్మా, తాలింపు మరిచిపోయినట్టుండావే" అంటారు. నాకు చుర్రుమంటుంది. మరిచిపోయే రకాన్ని కాను నేను. పుట్టింది కుప్పంలో. మా అమ్మ సోంపూ ఉల్లిపాయలూ నూనెలో వేయించి టెంకాయ పాలు పోసి కూర దించిందంటే, వీధి చివరి ఇంటివాళ్లు కూడా ఏం వండుతున్నారని అడిగేవాళ్లు. వాసన లేని కూర కూరే కాదనుకుంటూ పెరిగాను. ఆ పొగరు దించింది మా అత్త.

తొంభైల చివర్లో నన్ను పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో ఉన్న ఒక పల్లెకు ఇచ్చారు. ఇప్పుడా పొలాల నిండా టమోటా. అప్పుడు అంతా మల్బరి తోటలు, ఇంటింటా పట్టుపురుగులు. మా అత్తగారింట్లో పెద్ద గది, గట్టి తలుపులున్న గది, గాలి బాగా ఆడే గది, అన్నీ పురుగులవే. మనుషులు మిగిలిన చోట సర్దుకోవాలి. పురుగు పుట్టినప్పటి నుంచి గూడు కట్టేదాకా నాలుగుసార్లు మేత మాని, కదలకుండా పడుకుని, పొర విడుస్తుంది. దాన్ని మావాళ్లు జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచాక ఎనిమిది రోజులు దానికి తినడమే పని. ఆ రోజుల్లో ఇంట్లో మిరపకాయ వేయించకూడదు, నశ్యం పీల్చకూడదు, మల్లెపూలు పెట్టుకోకూడదు. ఘాటు తగిలితే పురుగు మేత మానేస్తుందనేవాళ్లు. మాంసం తిన్నవాళ్లయితే గూడు కట్టేదాకా ఆ గది గడప తొక్కకూడదు, వాళ్ల చెమట వాసన కూడా పడదట. వండి తిననివాళ్లు మాత్రం తలస్నానం చేసి పోవచ్చు. ఇందులో శాస్త్రం ఎంతుందో నాకు తెలియదు. మా అత్త చెప్పేది, ఊరంతా పాటించేది.

నాకా పురుగులంటే ఒళ్లు జలదరించేది. తెల్లగా, చల్లగా, వేలెడంత ఉండి, ముట్టుకుంటే మెత్తగా కదిలేవి. పెళ్లయి మూడు నెలలైనా నేను పురుగుల తట్ట ఒక్కటి కూడా ముట్టుకోలేదు. మా అత్త బలవంతం చేయలేదు. "మీ కుప్పమోళ్లకు టెంకాయ తురిమేది తప్ప ఏం తెలుస్తాదిలే" అని నవ్వి ఊరుకునేది. కోపం వచ్చేది గానీ, ఆ నవ్వు చూశాక నిలిచేది కాదు.

ఆ చలికాలం మా మామకు నెమ్ము చేసింది. తెల్లవారుజామున మంచులో తోటకు నీళ్లు కట్టడానికి పోయిపోయి, దగ్గు పట్టి, చివరికి ఊపిరాడని స్థితికి వచ్చాడు. మదనపల్లెలో ఆసుపత్రిలో పది రోజులున్నాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మా ఆయనతో, "మందులు మేం ఇచ్చినాం. ఇంక మీ చేతిలో ఉండేది తిండే. నాటుకోడి శేరువ చేసి రెండు పూట్లా తాపండి. ఈ మనిషి తినకుండా ఇంకో వారం పడుకుంటే లేవడు" అన్నాడు. పురుగుల గదిలో చల్లే మందు వాసన ఆ ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఇంట్లో ఉంచొద్దని కూడా చెప్పాడు.

మామ ఇంటికి వచ్చిన పొద్దునే పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. ఆ ఏడాది ముందు పంట దెబ్బతింది, ఈ పంట మీదే ఇల్లు నిలబడాలి. మా అత్త వాకిట్లో నిలబడి ఒక్క నిమిషం ఆలోచించింది. అంతే, ముగ్గురికీ పని చెప్పేసింది.

"అబ్బోడా, ఆకు కోసేది నీ పని. పురుగుల్ని నేను సూసుకుంటా. మీ నాయన్ని తోట అవతల కొట్టంలో పండబెట్టు. ఏమ్మే, నువ్వు ఆడనే ఉండి ఆయనకు శేరువ కాయి. నువ్వు ఈడికి రావద్దు, నేను ఆడికి రాను. ఇంగో మాట, వండేటప్పుడు సుక్క కూడా నోట్లో ఏసుకోవద్దు."

"ఉప్పు సూడకుండా ఎట్ల వండేదత్తా?"

"నాకేమన్నా అయితే పురుగుల కాడికి పోయేదానికి ఇంగొక ఆడమనిషి మిగలల్ల గదా. రాళ్ల ఉప్పు ఎంత ఎయ్యల్లో నేను సెప్తా."

కుప్పం దాన్ని పట్టుకుని రుచి చూడకుండా వండమంటుందా అని లోపల ఉడికిపోయాను. పైకి మాత్రం సరే అన్నాను.

కొట్టం తోటకు అవతలి గట్టున ఉండేది. బోదగడ్డి కప్పు, మట్టి గోడలు, లోపల బొగ్గుల కుంపటి పెడితే వెచ్చగా ఉండేది. దాని ముందర మూడు రాళ్ల పొయ్యి పెట్టాను. మా అత్త తోట ఇవతలి గట్టున, మేము కనిపించేంత దూరంలో, ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. గుప్పెడు బూడిద తీసుకుని గాల్లో జారవిడిచి, అది ఎటు పోతోందో చూసింది. "గాలి అట్లనే పోతాండాది, అంటించుకో" అని కేకేసింది.

మల్బరి కట్టె మంట మీద కోడిని తిప్పితిప్పి కాల్చి, పసుపు రాసి, కడిగి, ఎముకలతో సహా ముక్కలు కొట్టాను. అంతవరకూ ఆమె చెప్పినట్టే చేశాను. ఆ తరువాత నా బుద్ధి ఊరుకోలేదు. మూకుడులో నాలుగు ఎండుమిరపకాయలు, ధనియాలు, సోంపు వేసి నూనె చుక్కలు చల్లాను. ఇంత దూరం నుంచి ఆమెకేం తెలుస్తుందిలే అనుకున్నాను. మిరపకాయ నల్లబడి పొగ లేచింది. అప్పుడే గాలి మళ్లింది.

"ఏమ్మే! ఏం సేస్తాండావు ఆడ?"

నాకే దగ్గు తెర వచ్చింది. చెంబెడు నీళ్లు మూకుట్లో కుమ్మరించాను. మా అత్త ఇంటివైపు పరుగెత్తడం కనిపించింది. యాభై దాటిన మనిషి, చీర మోకాళ్ల దాకా ఎగదోసి పరుగెత్తింది. ఆ వైపు కిటికీలన్నీ మూసి, తడిగోనెలు కట్టి, చాలాసేపటికి మళ్లీ గట్టు మీదికి వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను.

"మేత మానలేదులే. పొయ్యి మీద ఏముండాది?"

"ఏం లేదత్తా."

"అయితే నేను సెప్పినట్ల సెయ్యి. నీ సోంపు మీ అమ్మోళ్లింట్లో ఏసుకుందువుగానీ."

మట్టి సట్టిలో ముక్కలు, పసుపు, దంచిన అల్లం తెల్లగడ్డ, చిన్న ఉల్లిపాయలు పొట్టు తీసి పగలకొట్టకుండా, అన్నీ పచ్చివే వెయ్యమంది. ధనియాలు, మిరియాలు, జీలకర్ర, గసగసాలు, రెండు లవంగాలు, చిన్న టెంకాయ ముక్క, నానబెట్టిన ఎండుమిరపకాయలు పచ్చిగానే రోట్లో వెన్నలా నూరించింది. ముక్కలు మునిగాక పైన ఇంకో నాలుగు వేళ్లు నీళ్లు. ఉప్పు ఎన్ని రాళ్లో చెప్పింది. మూత పెట్టి, అంచు చుట్టూ రాగిపిండి ముద్దతో పూడ్పించింది. కింద మంట కాదు, నిప్పులే ఉండాలంది. అక్కడి నుంచి ఆమె అడిగేవన్నీ చెవికి సంబంధించిన ప్రశ్నలే.

"మూత అదురుతాండాదా?"

"అదురుతాండాదత్తా."

"గలగల అంటాండాదా, గుసగుస అంటాండాదా?"

"గలగల."

"రెండు కట్టెలు లాగెయ్యి. గుసగుస అనల్ల."

ఆ గుసగుస రెండు గంటలకు ఇంకా సన్నబడింది. "ఇంగ దించు" అంది. పిండి పగలగొట్టి మూత తీశాను. పైన బంగారు రంగు కొవ్వు చుక్కలు, కింద ఎముక నుంచి జారిపోతున్న ముక్కలు, చలిలో మొహానికి తగిలిన మిరియాల ఆవిరి. నూనె లేదు, తాలింపు లేదు, మా అమ్మ చేతి కూరలో ఉండే ఆర్భాటం ఏదీ లేదు. అయినా కడుపులో ప్రాణం లేచొచ్చింది. మా అత్త దీన్ని చూడలేదు, వాసన పీల్చలేదు, చెంచాతో కలపలేదు. తోట అవతల నిలబడి నా చేత చేయించింది. ఒప్పుకోవడం కష్టంగానే ఉండింది గానీ, ఆ వంటను చూసి నేను ముచ్చటపడ్డాను.

గిన్నెలో శేరువ, పక్కన వేడి సంగటి ముద్ద పెట్టి మామ ముందు ఉంచాను. ఆయన నావైపు చూసి మాట్లాడడు, నేను ఆయన ఎదుట కూర్చోను. మా ఇళ్లలో కొత్త కోడలికి మామ దగ్గర అదే మర్యాద. పెట్టి బయటికి వచ్చేశాను. కాసేపటికి పోయి చూస్తే గిన్నె నాకినట్టు ఖాళీ.

"అంతా తాగినాడత్తా!" అని గట్టు మీది నుంచి కేకేశాను.

"ముద్ద?"

"ముద్ద కూడా!"

మా అత్త ముక్కు మీది చెంగు తీసి నవ్వింది. ఆ నవ్వు చూసి నేనే ఆయన్ను బతికించేసినంత సంబరపడ్డాను. ఆ సాయంత్రం ఖాళీ గిన్నె, మర్నాడు రెండు పూటలా ఖాళీ గిన్నె. నేను కేకెయ్యడం, ఆమె నవ్వి పురుగుల దగ్గరికి పోవడం. రోజుకు ఐదుసార్లు మేత వేయాలి, తట్టలు మార్చాలి, కుంపట్లు చూసుకోవాలి. అన్నీ ఒక్కత్తే చేసేది. రాత్రి పూట మా ఆయన కొట్టంలో వాళ్ల నాయనకు తోడు పడుకుని, పొద్దున్నే స్నానం చేసి ఆకుకోతకు పోయేవాడు.

మూడో రోజు మా ఆయన మొహం వేలాడేసుకుని, "నాయన లేసి కూసోలేకపోతాండాడు. నువ్వు పెట్టేది తింటాండాడా నిజంగా?" అని అడిగాడు. నేను గయ్యిమన్నాను. నా చేతి వంట మీద అనుమానమా, గిన్నెలు కడిగేది నేనే గదా అన్నాను. కానీ ఆ మాట లోపల గుచ్చుకుంది. ఆ పూట శేరువ పెట్టి, బయటికి వచ్చినట్టే వచ్చి, గోడ సందులోంచి చూశాను.

మామ మెల్లగా గిన్నె తీసుకుని, మంచం పక్కకు వంగి, కిందికి దించాడు. మంచం కింద ఊరికుక్క. అది చప్పుడు కాకుండా తాగింది. ముద్ద కూడా తుంచి తుంచి దానికే పెట్టాడు. నా మూడు రోజుల గొప్పంతా ఆ కుక్క కడుపులో ఉంది.

మర్యాద మరిచిపోయి లోపలికి పోయాను. "ఏంది మామా ఇది! నేను సచ్చీచెడీ కాస్తాంటే కుక్కకు పోస్తాండావే! బాగాలేకుంటే బాగాలేదని సెప్పకూడదా!" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను కూడా. ఆయన గోడవైపు తిరిగి, "నీ వంటకేం తక్కువ లేదమ్మా. నువ్వు బాధపడతావని గిన్నె ఖాళీ సేసినా. ఒక్కన్నే కూసోని తినేది నాకు అలవాటు లేదు. గొంతు దిగలా" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచి చూస్తున్నదే. ఆ ఊళ్లో మగవాళ్లు తిన్నాక ఆడవాళ్లు తింటారు. మా ఇంట్లో మాత్రం ఆయన కంచం ముందు కూర్చుని, మా అత్త వచ్చి ఎదురుగా కంచం పెట్టుకునేదాకా ముద్ద ముట్టేవాడు కాదు. ఊరివాళ్లు దానికి ఎగతాళి కూడా చేసేవాళ్లు. ముప్పై ఏళ్లుగా అంతే.

గట్టు దిగి, మా అత్తను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి కేకెయ్యలేదు, తోట మధ్యదాకా పోయి చెప్పాను. మా అత్త విని, ఇంట్లోకి పోయి ఆ పూట మేత వేసి వచ్చింది. తరువాత తోటకు అడ్డంగా నడిచి, ముక్కుకు చెంగు లేకుండా, నేరుగా కొట్టంలోకి వచ్చింది. మూడు రోజుల తరువాత మొగుణ్ణి చూడడం. ఆయన చెంపలు లోపలికి పోయి ఉన్నాయి.

"ఏమయ్యా, కోడికూర కుక్కలకు పెట్టేంత షావుకారివైనావా?" అంది.

సట్టిలో మిగిలిన శేరువ వేడి చేసి తెచ్చాను. ఆమె ఆయన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి, సంగటి తుంచి, శేరువలో ముంచి, నోటి దగ్గర పెట్టింది. ఆయన నోరు తెరవలేదు. ఆమెనే చూస్తూ, "నువ్వు తినవా?" అన్నాడు.

పురుగుల సంగతి ఆయనకు తెలియక కాదు, ఆ ఒంట్లో అంత ఆలోచన మిగలక. ఆమె చెయ్యి అక్కడే ఆగింది. తలుపులోంచి తోట మీదుగా ఇంటివైపు ఒకసారి చూసింది. పురుగు గూడెక్కడానికి ఇంకా నాలుగైదు రోజులుంది, అన్నిటికంటే ఎక్కువ మేత వేయాల్సిన రోజులు అవే. ఆ ముద్ద తిరిగి వచ్చి ఆమె నోట్లోకే పోయింది.

"అత్తా! పురుగులు!" అన్నాను.

ఆమె నిదానంగా నమిలి మింగింది. రెండో ముద్ద ఆయన నోటికి పెట్టింది. ఈసారి నోరు తెరిచాడు.

"ఇంగ నేను గడప తొక్కరాదు" అంది నావైపు తిరిగి. "నువ్వు వండినావు గానీ తినలా. పోయి తలకు నీళ్లు పోసుకోని ఆకు వెయ్యి పో."

"నాకు తెలీదు గదత్తా. నేను వాటిని ముట్టుకోను గూడా లేదు."

"నాకు మాత్రం మా అమ్మ కడుపులో నేర్పించిందా? పో."

నూతి దగ్గర చన్నీళ్లు తల మీద పోసుకుంటే పళ్లు టకటకా కొట్టుకున్నాయి. పొడి చీర కట్టుకుని ఆ గదిలోకి పోయాను. తట్టల్లో పురుగులన్నీ తలలెత్తి ఉన్నాయి, ఆకు కోసం. కళ్లు సగం మూసుకుని గుప్పెళ్లతో ఆకు పరిచాను. ఒకటి చేతి మీదికి ఎక్కితే గట్టిగా అరిచాను, మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. రెండో రోజుకు అరవడం మానేశాను. మా అత్త బయట, కిటికీకి అంత దూరంలో నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని చెబుతుండేది. ఎంత మందంగా వెయ్యాలో, ఏ తట్ట ముందు మార్చాలో. ఒక్క అడుగు కూడా ముందుకు వేసేది కాదు. రెండు పూటలా కొట్టంలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని శేరువ తాగేవాళ్లు, ఇప్పుడు ఆమే కాచేది.

తప్పు నేను చేశాను. నేను ఆకు వేయడం మొదలుపెట్టిన మూడో రోజు పొద్దున, పురుగు ఆకలికి తల ఆడిస్తుంటే చూడలేక, మంచు ఆరకముందే కోసిన ఆకు తుడవకుండా రెండు వరుసల తట్టలకు వేసేశాను. మా అత్త అప్పుడు కొట్టంలో ఉంది, చూడలేదు. చలికాలం తడి ఆకు వేస్తే సున్నంకట్టు వస్తుంది. పురుగు బిగుసుకుపోయి సున్నపు ముక్కలా తెల్లగా గట్టిపడి చచ్చిపోతుంది. రెండు రోజుల్లో ఆ వరుసలు రెండూ పోయాయి, పక్క వరుసలో సగం పోయింది. మొత్తం మీద మూడో వంతు పంట.

చచ్చిన పురుగుల్ని గంపలకెత్తి, తోట చివర గుంత తీసి, సున్నం చల్లి పూడుస్తున్నాం నేనూ మా ఆయనా. మిగిలినవి ఆ పొద్దే గూడు కట్టడానికి వెదురు తడికెల మీదికి ఎక్కాయి. మామ కట్టె పట్టుకుని, మొదటిసారి కొట్టం దాటి, గట్టుదాకా నడిచి వచ్చాడు. ఆయన వెనకే మా అత్త. ఆమెకు మొహం చూపించలేక గుంతలోకే చూస్తూ, "నా వల్లే పోయినాయత్తా. నువ్వుండి ఉంటే ఒక్కటి గూడా పోయుండేది కాదు" అన్నాను.

ఆమె నా చేతిలోంచి గంప తీసుకుని పక్కన పెట్టింది.

"ఆ పొద్దు ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడే మొత్తం పోయినాయనుకున్న్యా నేను" అంది. "ఈ రెండు వంతులు నువ్వు తెచ్చినయి."

నేను ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను. మామ గట్టు మీద నిలబడి, వేరే ఎటో చూస్తున్నట్టు చూస్తూ, మేము అన్నానికి వచ్చేదాకా కదల్లేదు.